ఏఐతో బోర్డు గేమ్ చెయ్యాలంటే ముందు చింతపిక్కలు అరగదీయండి

ఏఐ బోర్డు గేమ్ తయారు చెయ్యగలదా అని ఈమధ్య ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. అడిగినవాళ్ళలో సగం మందికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది, ఒకళ్ళు అన్నీ అదే చేసేస్తుంది అంటారు, ఇంకొకళ్ళు దానికేం తెలుసు నా మొహం అంటారు. అసలు సంగతేంటంటే ఆ పని 2007లోనే జరిగిపోయింది. ఆస్ట్రేలియాలో కామెరాన్ బ్రౌన్ అనే ఆయన తన పీహెచ్‌డీ కోసం లూడీ అని ఒక ప్రోగ్రామ్ రాశాడు. అది తెలిసిన ఆటల నియమాల్ని ముక్కలు చేసి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతికించి, కొత్త ఆటల్ని పుట్టిస్తుంది, పుట్టిన ప్రతి ఆటనీ తనలో తనే ఆడి చూసుకుంటుంది, బాగోకపోతే పారేస్తుంది. అలా 1,389 ఆటలు పుడితే ఆడదగ్గవని తేలినవి 19. అందులో ఒకటి యవలత్, పేరు కూడా ఆ ప్రోగ్రామే పెట్టింది. 2009లో అది పెట్టెలో పెట్టి అమ్మే ఆటగా బయటికొచ్చింది, జనం ఇప్పటికీ ఆడుతున్నారు.

దాని నియమం ఒక్క వాక్యం. వరసగా నాలుగు పెడితే గెలుపు, కానీ అంతకుముందే వరసగా మూడు పెడితే ఓటమి. అంతే. తేనెపట్టు గదుల్లాంటి 61 గళ్ళ బోర్డు, ఒక్కో వంతుకి ఒక్కో గోళీ. మొదట విన్నప్పుడు నాకు ఇదేదో కంప్యూటర్ చేసిన పొరపాటులా అనిపించింది, మూడు పెట్టకుండా నాలుగు ఎలా పెడతారు? రెండు పెట్టి, ఒక గడి వదిలి, ఇంకోటి పెడతారు. ఇప్పుడు ఆ ఖాళీ గడి మీకు గెలుపు, కాబట్టి అవతలివాడు అక్కడ అడ్డం పడక తప్పదు. కానీ అక్కడ పెట్టడం వల్ల వాడివే మూడు వరసలోకి వస్తే? అడ్డం పెట్టకపోతే మీరు గెలుస్తారు, పెడితే వాడు ఓడిపోతాడు. నియమంలో ఇదంతా ఎక్కడా రాసి లేదు, ఆడితే గానీ బయటపడదు. కాగితం మీద గళ్ళు గీసుకుని శనగలూ పెసలూ పెట్టి ఒకసారి ఆడి చూడండి, తర్వాత మిగతాది చదవండి.

ఇది ముందే ఎందుకు చెప్పానంటే, మనం ఇప్పుడు వాడే చాట్‌బాట్‌కీ ఆ లూడీకీ చుట్టరికం తక్కువ. లూడీ గొప్పంతా ఆడి చూసి పారెయ్యడంలో ఉంది. 1,389లో 19 అంటే వందకి ఒకటిన్నర కూడా నిలబడలేదు. చాట్‌బాట్ అలా పారెయ్యదు, మొదటిసారే "ఇదిగో మీ అద్భుతమైన ఆట" అని ఇచ్చేస్తుంది.

నేను ముందు చేసిన తప్పు

కిందటి ఎండాకాలం మా అక్క పిల్లలిద్దరూ నెల్లాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. వాళ్ళ చేతిలోంచి ఫోన్ లాక్కోవాలంటే ఇంకేదో ఒకటి ఇవ్వాలి కదా అని, ఒక రాత్రి చాట్‌బాట్ తెరిచి, మన పల్లెటూరి వాతావరణంలో నలుగురు ఆడే కొత్త బోర్డు గేమ్ ఒకటి తయారు చెయ్యమన్నాను. పది సెకన్లలో ఇచ్చేసింది. పొలాలు, ఎద్దులు, చెరువు నీళ్ళు, కరువు కార్డు, సంక్రాంతి కార్డు, చివర్లో ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్ళు మోతుబరి. చదువుతుంటే ముచ్చటేసింది, నిజం చెప్పాలంటే కాస్త గర్వం కూడా వేసింది, నేనేదో చేసినట్టు. పొద్దున్నే అట్టలు కత్తిరించి 36 కార్డులు రాసుకుని కూర్చున్నాం. వంతుకి ఒక కార్డు, నలుగురం, పది రౌండ్లు. తొమ్మిదో రౌండ్‌తో కార్డులు ఐపోయాయి. ఐపోతే ఏం చెయ్యాలో నియమాల్లో లేదు. నీళ్ళు ఎవరి దగ్గరా మిగలవు కాబట్టి చెరువు అమ్మే నియమం ఒక్కసారి కూడా వాడలేదు. మూడో రౌండ్‌కే పెద్దాడు ముందున్నాడు, చివరిదాకా వాడే ముందున్నాడు, చిన్నది మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది.

తప్పు చాట్‌బాట్‌ది అనను. అది లక్ష ఆటల రూల్‌బుక్కులు చదివినట్టు రాస్తుంది, ఒక్క ఆట కూడా కూర్చుని ఆడలేదు. రూల్‌బుక్ లాంటిది రాయమంటే బాగానే రాస్తుంది, 36ని నాలుగుతో భాగిస్తే తొమ్మిదే వస్తుందన్న ధ్యాస దానికి ఉండదు, అడిగితే మాత్రం వెంటనే ఒప్పుకుంటుంది. కాబట్టి మొదటి సలహా: కొత్త ఆట మొత్తం ఒకేసారి చెయ్యమని అడగొద్దు. మీకు చేతివేళ్ళకి అలవాటైన ఆట ఒకటి తీసుకోండి. నేను అష్టాచమ్మా తీసుకున్నాను.

మీ ఇంటి నియమాలు కక్కించుకోండి

అష్టాచమ్మా తెలుసు కదా అని మొదలుపెడితే మొదటి చిక్కు ఇక్కడే. ప్రతి ఇంటికీ దాని నియమాలు వేరు. అయిదు బై అయిదు గళ్ళు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు, ఇంతవరకూ అందరిదీ ఒకటే. మా ఇంట్లో ఒక్క కాయనైనా చంపకపోతే లోపలి వరసలోకి పోనివ్వరు. మా ఆవిడ పుట్టింట్లో ఆ పట్టింపు లేదు, కానీ వరసగా మూడుసార్లు అష్టానో చమ్మానో పడితే మూడూ చెల్లవంటారు. ఒక గడిలో రెండు కాయలుంటే చంపొచ్చా? కాయ పండాలంటే సరిగ్గా అంతే పడాలా, ఎక్కువ పడ్డా ఫర్వాలేదా? చంపితే ఇంకో పందెం ఉందా? మనుషుల మధ్య ఇవన్నీ ఆట మధ్యలో పోట్లాడుకుని తేల్చుకునే సంగతులు. యంత్రానికి ముందే చెప్పాలి.

అందుకని చాట్‌బాట్‌ని నియమాలు రాయమనకండి, మిమ్మల్ని ప్రశ్నలు అడగమనండి. నేను పెట్టిన మాట ఇది, మీరూ ఇలాగే పెట్టొచ్చు: "మా ఇంట్లో ఆడే అష్టాచమ్మా నియమాలు చెబుతాను. నువ్వేమీ ఊహించి కలపొద్దు. నేను చెప్పినదాంట్లో ఎక్కడ రెండు అర్థాలు వస్తున్నాయో, ఏ సందర్భానికి నియమం లేదో వెతికి ఒక్కొక్క ప్రశ్నే అడుగు. నేను ఐపోయింది అనేదాకా ఆపొద్దు." ఈ పని అది నిజంగా బాగా చేస్తుంది, నేను ఒప్పుకుంటాను. చివరి కాయ పండాక మిగిలిన పందెం ఏమవుతుంది అని అడిగింది, నలభై ఏళ్ళుగా ఆడుతున్నాం, మాలో ఎవరికీ ఆ అనుమానం రాలేదు.

ఒక జాగ్రత్త. "అష్టాచమ్మా నియమాలు నీకు తెలుసా" అని దాన్నే అడిగితే లూడో నియమాలు కొన్ని తెచ్చి కలిపేస్తుంది. ఆరు పడితేనే కాయ బయటికి అంటుంది. నాలుగు గవ్వలకి ఆరు ఎక్కణ్ణుంచి వస్తుంది? తెలుసన్నట్టే మాట్లాడుతుంది కాబట్టి గమనించకపోతే అలాగే పోతుంది.

పిక్కలు

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఈ భాగం నాకు ఇష్టం.

గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు తీసుకుని ఒక వైపు గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీస్తాం. నాలుగు పిక్కలు వేస్తే ఎన్ని తెల్లగా పడితే అంత. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. లెక్క కట్టమంటే చాట్‌బాట్ టక్కున చెబుతుంది: మొత్తం 16 రకాలుగా పడొచ్చు, అందులో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చమ్మా 1, అష్టా 1. సగటున పందేనికి రెండున్నర. లెక్క తప్పేం కాదు, కాకపోతే తెలుపూ నలుపూ సమానంగా పడతాయనుకుని కట్టిన లెక్క.

మీ పిక్కలు అలా పడవు. ఒకవైపు చదునుగా, ఒకవైపు ఉబ్బుగా ఉన్న వస్తువు సమానంగా ఎందుకు పడుతుంది? ఎంత అరగదీశారు, పిక్క ఎంత లావు, చాప మీద వేస్తున్నారా గచ్చు మీదా, అన్నిటికీ తేడా ఉంటుంది. కాబట్టి కూర్చుని వెయ్యండి. నాలుగు పిక్కలు 50 సార్లు వేస్తే 200 పిక్కలు పడ్డట్టు, తెల్లవి ఎన్నో గీతలు పెట్టుకోండి. పిల్లలకి అప్పజెబితే సరదాగా చేస్తారు. మా పిక్కలకి పదింట ఆరు తెల్లగా పడ్డాయి.

ఇప్పుడు ఆ ఆరుని లెక్కలో పెడితే ఏమవుతుందో చూడండి. సగటు పెద్దగా మారదు, 2.5 కాస్తా 2.6 అవుతుంది. కానీ చమ్మా నూటికి ఆరు సార్లు పడాల్సింది పదమూడు సార్లు పడుతుంది. అష్టా ఆరు నుంచి రెండున్నరకి పడిపోతుంది. అంటే సమానంగా పడాల్సిన రెండు పందేల్లో ఒకటి ఇంకోదానికి ఐదు రెట్లు! చిన్నప్పుడు అష్టా పడితే ఇల్లంతా ఎందుకు అరిచేవాళ్ళమో నాకప్పుడు అర్థమైంది. ఆట తయారుచేసేవాడికి ఇది చాలా పనికొచ్చే సంగతి: సగటు కదలకుండానే ఆటలో ఉత్కంఠ ఎక్కడుందో మార్చెయ్యొచ్చు, ఉత్త అరగదీతతో. ఈ మాట ఏఐ నాకు చెప్పలేదు, చెప్పలేదని దాన్ని అనడం కూడా అన్యాయమే, దానికి నా పిక్కలు కనబడవు కదా.

దాని చేత ఆడించడం

నియమాలు తేలాయి, పిక్కల లెక్క తేలింది. ఇప్పుడు చాట్‌బాట్‌ని ఈ ఆటని తనలో తనే ఆడే ప్రోగ్రామ్ ఒకటి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాయమనండి. కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు, అది రాసిచ్చినదాన్ని గూగుల్ కోలాబ్ అనే వెబ్‌సైట్‌లో అతికించి నొక్కితే ఫోన్‌లో కూడా నడుస్తుంది. ఎర్రర్ వస్తే ఆ ఎర్రర్‌నే కాపీ చేసి దానికి పంపితే సరిచేస్తుంది.

అసలు ప్రమాదం ఎర్రర్ రానప్పుడు. ప్రోగ్రామ్ నడుస్తుంది, నంబర్లు ఇస్తుంది, కానీ అది ఆడుతున్నది మీ ఆట కాదు. నాకు మొదటిసారి వచ్చినదాంట్లో బయటి వరసలో తిరిగిన దిక్కునే లోపలి వరసలో కూడా తిరిగింది, మాకు లోపలికి వెళ్ళాక దిక్కు మారుతుంది. చంపితే ఇచ్చే ఇంకో పందెం మర్చిపోయింది. ఇవి పట్టుకోవాలంటే ఒక్కటే దారి. ఒకే ఒక్క ఆటని వంతు వంతుకీ ఒక లైను రాస్తూ ఆడమనండి, ఎవరు, ఎంత పడింది, ఏ కాయ, ఎక్కణ్ణుంచి ఎక్కడికి. ఆ లైన్లు ముందు పెట్టుకుని నిజం బోర్డు మీద మీ చేత్తో కాయలు జరపండి. పావుగంట విసుగు పని, నేను మొదట ఎగ్గొట్టాను, రెండు రోజులు తప్పుడు నంబర్లు చూసి మురిసిపోయాను.

చేత్తో కట్టే లెక్క ఒకటి పక్కన ఉంచుకుంటే ఇంకా మంచిది. మన బోర్డులో ఇంటి గడి నుంచి నడిమి గడికి 24 అడుగులు: బయటి వరసలో 15, లోపల 8, చివరిది 1. నాలుగు కాయలకి 96. పందేనికి రెండున్నర చొప్పున దాదాపు 38 పందేలు, అష్టా చమ్మాలకి వచ్చే అదనపు పందేలు తీసేస్తే మనిషికి 34 వంతులు, అదీ ఎవరూ ఎవర్నీ చంపకుండా, ఒక్క పందెం కూడా మురిగిపోకుండా. ప్రోగ్రామ్ ఆట సగటున 20 వంతుల్లో ముగిసిందంటే ఎక్కడో కాయలు ఎగురుతున్నాయన్నమాట.

అది సరిగ్గా ఆడుతోందని నమ్మకం కుదిరాక రెండు రకాల ఆటగాళ్ళని పెట్టమనండి. ఒకడు కళ్ళు మూసుకుని ఏదో ఒక కాయ జరిపేవాడు. ఇంకొకడు చంపే అవకాశముంటే చంపి, లేకపోతే ఇంటూ గుర్తున్న, చంపకూడని గడిలో దాక్కునే తెలివైనవాడు. ఇద్దర్నీ పదివేల ఆటలు ఆడించండి. వెయ్యి చాలదు, వెయ్యి ఆటల్లో ఒకడు 52 శాతం గెలిచాడంటే అది ఉత్త అదృష్టం కూడా కావొచ్చు, పదివేలల్లో 52 గెలిస్తే నమ్మొచ్చు. కళ్ళు మూసుకున్నవాడు తెలివైనవాడితో సమానంగా గెలుస్తుంటే మీ ఆటలో మనిషి చేసేదేమీ లేదన్నట్టు, వైకుంఠపాళి లాగా. వైకుంఠపాళి చెడ్డదని కాదు, అక్కడ నిచ్చెనా పామూ ఆడతాయి, మనం చూస్తాం. మొదట వేసినవాడికి ఎంత లాభముందో కూడా ఇక్కడే చూసుకోవాలి.

ఒక్క నియమం మార్చడం

ఇప్పుడు అడగండి: "ఈ ఆటలో ఒకే ఒక్క నియమం మార్చే ఇరవై ఆలోచనలు ఇవ్వు. కొత్త వస్తువులు వద్దు, కాగితం మీద రాసుకోవాల్సినవి వద్దు." ఇరవై అడగడం ముఖ్యం, మొదటి ఐదూ ఎవరికైనా తట్టేవే ఉంటాయి. తర్వాత చాలావరకు కొట్టెయ్యండి. లూడీ చేసిన పని ఇక్కడ మీరు చేస్తున్నారు.

నేను 17 కొట్టేసి మూడు ఉంచుకున్నాను. వాటిలో నాకు బాగా నచ్చింది, పడిన పందేన్ని కాయలకి పంచుకోవచ్చు అన్నది. మూడు పడితే ఒక కాయని రెండు, ఇంకోదాన్ని ఒకటి జరపొచ్చు. ప్రోగ్రామ్‌లో పెట్టి ఆడిస్తే తెలివైనవాడికీ గుడ్డివాడికీ మధ్య తేడా బాగా పెరిగింది. ఇంకేం, ఆట మెరుగుపడింది అనుకున్నాను. చాట్‌బాట్ కూడా అదే మాట నాలుగు రకాలుగా చెప్పి అభినందించింది.

సాయంత్రం వరండాలో సుద్దముక్కతో గీసి పెద్దమ్మనీ పిల్లల్నీ కూర్చోబెట్టాను. పెద్దమ్మకి మూడు పడింది. మామూలుగా ఐతే పిక్కలు ఆగకముందే ఆవిడ చెయ్యి కాయ మీద ఉంటుంది. ఈసారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఈ కాయ రెండు, అది ఒకటి, కాదు ఇది ఒకటి, దాన్ని రెండు జరిపితే చచ్చిపోతుందా, అసలు మూడూ దీనికే వేస్తే? నేను లెక్క వేశాను తర్వాత, మామూలు ఆటలో నాలుగు కాయల్లో ఏది జరపాలన్న నాలుగు దారులుంటే, మూడుని రెండు కాయల దాకా పంచుకోవచ్చంటే పదహారు దారులయ్యాయి. అవన్నీ ప్రోగ్రామ్‌కి కంటిరెప్ప పాటు కూడా పట్టవు. పెద్దమ్మకి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో చిన్నది పిక్కలు నోట్లో పెట్టుకుంది, పెద్దాడు "మావయ్యా, ఫోన్ ఇస్తావా" అన్నాడు.

నేను చెప్పాలనుకున్నదంతా ఆ గాల్లో ఆగిన చేతిలో ఉంది. సిమ్యులేషన్, అంటే ప్రోగ్రామ్ తనలో తను ఆడే ఆట, గెలుపోటములు లెక్కపెడుతుంది, ఎదురుచూడ్డం లెక్కపెట్టదు. అవతలివాళ్ళ వంతులో నేనేం చేస్తున్నాను, ఎవరి మొహం వంక చూస్తున్నాను, ఎప్పుడు అరిచాను, ఇవేవీ దాని పట్టికలో ఉండవు. మీరు చూడాల్సినవి అవే. ఆడించేటప్పుడు మీరు ఆడకండి, పక్కన కూర్చుని రాసుకోండి: ఎవరు ఎప్పుడు ఫోన్ తీశారు, ఎప్పుడు నవ్వారు, ఏ నియమం రెండుసార్లు అడిగారు, ఆట ఐపోయాక ఇంకోటి వేద్దాం అన్నారా లేచిపోయారా. బాగుందా అని మాత్రం అడగొద్దు, చుట్టాలు బాగుందనే అంటారు.

పెద్దమ్మే విసుక్కుని అంది, "ప్రతిదానికీ పంచడమేంట్రా, అష్టా పడ్డప్పుడు పంచుకుందాం, అది ఎటూ ఎప్పుడో గానీ పడదు." అలా ఆడాం. మామూలు పందేలకి ఆట పరుగు మీద సాగింది, అష్టా పడ్డప్పుడు మాత్రం అందరూ బోర్డు మీదికి వంగారు, ఎనిమిదిని ఎలా పంచుతారో అని, ఎవరి కాయ చస్తుందో అని. మా పిక్కలకి అష్టా నూటికి రెండున్నర సార్లే కదా, కాబట్టి ఎదురుచూపు భారం కాలేదు. ఆ రాత్రి తొమ్మిదింటిదాకా ఆడారు, భోజనాలకి పిలిస్తే లేవలేదు.

ఇంతవరకూ చెబితే కథ బాగుంటుంది, యంత్రానికి రానిది పెద్దమ్మకి వచ్చింది అని ముగించొచ్చు. కానీ మర్నాడు పాత చాట్ వెనక్కి తిప్పి చూస్తే ఆ ఇరవైలో పద్నాలుగోది అదే. "పెద్ద పందేలు పడినప్పుడు మాత్రమే పంచుకునే హక్కు." నేనే కొట్టేశాను. కాబట్టి ఏఐకి ఆలోచనలు రావు అనడానికి నాకు నోరు లేదు, వచ్చిన ఇరవైలో ఏది బతుకుతుందో దానికీ తెలియదు, చదివినంత మాత్రాన నాకూ తెలియలేదు.

పులీ మేకా లాంటివైతే

రెండు పక్షాలకీ ఒకే బలం లేని ఆటలు ఎంచుకుంటే పని వేరు. పులి-మేకలో మూడు పులులు, పదిహేను మేకలు. మేకలన్నీ బోర్డు మీద పెట్టేదాకా ఒక్క మేకా కదలకూడదు, పులి మాత్రం ఈలోగా దూకి చంపుతుంది. దీన్ని గుడ్డి ఆటగాళ్ళతో ఆడిస్తే మేకలు చిత్తుగా ఓడతాయి, మీరు పులులు బలమైనవి అనుకుని మేకల్ని పద్దెనిమిది చేస్తారు, తీరా మనుషులు ఆడితే పులి కదల్లేక చస్తుంది. ఎందుకంటే మేకల బలమంతా ఒకదాని వెనక ఒకటి నిలబడ్డంలో ఉంది, అది తెలివిగా ఆడితేనే బయటికొస్తుంది. కాబట్టి ఇలాంటి ఆటలకి చాట్‌బాట్ రాసిచ్చే చిన్న ప్రోగ్రామ్ చాలదు, ముందుకి ఆలోచించి ఆడే ఆటగాడు కావాలి.

దానికి లూడీయై అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది, ఆ బ్రౌనే తర్వాత నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో తన బృందంతో చేశాడు. వెయ్యికి పైగా ఆటలు అందులో రాసి ఉన్నాయి, నేపాల్ బాఘ్-చాల్ లాంటి పులి ఆటలతో సహా, మీ ఆటని దాని భాషలో రాసిస్తే కాస్త తెలివిగానే ఆడి చూపిస్తుంది. 2024లో కొందరు పరిశోధకులు ఈ రెండు దారుల్నీ కలిపారు: చాట్‌బాట్‌ల వెనకుండే భాషా మోడల్ చేత లూడీయై భాషలో నియమాల ముక్కలు మార్పించడం, మారిన ఆటని యంత్రం చేత ఆడించి జల్లెడ పట్టడం. చాట్‌బాట్ నోటికి లూడీ జల్లెడ తగిలించారన్నమాట. చదరంగంలో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2020లో గూగుల్‌కి చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్ వాళ్ళూ మాజీ ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ కలిసి, కాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరపడం) లేకుండా, తన పావుని తనే చంపుకోవచ్చంటే, ఇలా తొమ్మిది మార్పులతో ఆల్ఫాజీరో అనే ఏఐ ప్రోగ్రామ్ చేత చదరంగం ఆడించి చూశారు. మార్పులు మనుషులు ఎంచినవి, ఏది తూకం తప్పుతుందో చూసింది యంత్రం. నా అనుభవంలో కూడా ఈ పంపకమే కుదిరింది.

రూల్‌బుక్, బొమ్మ, చట్టం

రూల్‌బుక్ మీరే రాయండి, వంకర తెలుగైనా సరే. రాశాక కొత్త చాట్ తెరిచి, పాత సంభాషణ ఏమీ లేకుండా, అది మాత్రం ఇచ్చి "దీన్నిబట్టి మొదటి మూడు వంతులు ఆడి చూపించు" అనండి. ఎక్కడ తడబడితే అక్కడ మీ వాక్యం బాగోలేదు. ఆ తర్వాత ఆట తెలియని పక్కింటివాళ్ళకి కాగితం ఇచ్చి మీరు నోరు మూసుకు కూర్చోండి. ఇది కష్టం, నేను రెండుసార్లు అందించాను.

బోర్డు బొమ్మ ఏఐతో గీయించొద్దు. ముగ్గులా అందంగా గీస్తుంది, గళ్ళు లెక్కపెడితే ఒక వరసలో అయిదు, ఇంకో వరసలో ఆరు. స్కేలూ పెన్సిలూ చాలు. పెట్టె మీది బొమ్మకి వాడుకుంటే వాడుకోండి, వాడానని మాత్రం చెప్పండి, కొనేవాళ్ళలో చాలామందికి అది పట్టింపు.

అమ్మే ఆలోచన ఉంటే ఒక్క సంగతి. మన దేశంలో ఆట ఆడే పద్ధతికి పేటెంట్ ఇవ్వరు, 1970 పేటెంట్ చట్టంలో 3(ఎం) సెక్షన్ ఆ మాట నేరుగానే చెబుతుంది. మీరు రాసిన రూల్‌బుక్ మాటలకీ బొమ్మలకీ కాపీరైటు ఉంటుంది, పేరుకి ట్రేడ్‌మార్క్ తీసుకోవచ్చు. కాబట్టి ఆలోచన ఎవరైనా కొట్టేస్తారని చాట్‌బాట్‌కి చెప్పడానికి భయపడక్కర్లేదు, భయపడాల్సింది ఆడేవాళ్ళు దొరకరేమోనని.

మా ఆట ఇంకా పూర్తి కాలేదు. నలుగురికి బాగుంది, ఇద్దరికీ ఫర్వాలేదు, ముగ్గురు కూర్చుంటే ఖాళీ ఇల్లున్న వైపు చావు భయం తక్కువ, ఆ పక్కన కూర్చున్నవాడు హాయిగా తిరిగొచ్చేస్తాడు. ఖాళీ ఇంటి కాయల్ని ముగ్గురూ వంతులవారీగా జరిపితే ఎలా ఉంటుందని ప్రోగ్రామ్‌లో ఆడిస్తున్నాను, నంబర్లు బానే వస్తున్నాయి. దసరాకి పిల్లలొస్తారు, అప్పుడు చూడాలి. పిక్కలు కొత్తవి అరగదీయాలి, పాతవి చిన్నది ఎక్కడో పారేసింది, కాబట్టి ఆ పదింట ఆరు లెక్క మళ్ళీ మొదటి నుంచి.